లేని తాతకు పెద్దకొడుకు

కేబుల్ కారు సముద్రం మీదుగా వెళ్లి చిన్న దీవిని చేరేసరికి, లోపల మూల సీట్లో కూర్చున్న మనిషి చచ్చిపోయి ఉన్నాడు. చేతిలో కొబ్బరి ఐస్‌క్రీమ్ కరిగి మోకాళ్ల మీదికి కారుతోంది. ఎక్కినప్పుడు బతికే ఉన్నాడు. టిక్కెట్టు చింపిన అమ్మాయితో వేళాకోళం కూడా ఆడాడు. అతనితో పాటు ఎక్కినవాళ్లంతా కిటికీలకు అతుక్కుని, కింద ఆడుతున్న చేపల పడవలకు ఫోటోలు తీసుకోవడంలో మునిగిపోయారు. మెడ వెనక దోమ కుట్టినంత ఎర్రచుక్క ఒకటి తప్ప ఒంటి మీద గాయమే లేదు.

పోయినవాడి పేరు బాక్. నౌకాదళంలో ఇంజనీరు. శత్రు జలాంతర్గాముల చప్పుడు వినడానికి ఫూకువోక్ ద్వీపం చుట్టూ సముద్రం అడుగున పెట్టిన యంత్రపు చెవులన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో తెలిసిన కొద్దిమందిలో ఒకడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఇంటి దొంగను మాత్రం సరుకు కొన్నవాళ్లే పట్టుకుని పంపించేశారు.

* * *

"చూశావా? సరుకు చేతికందింది, మనిషితో పని తీరిపోయింది" అన్నాడు ఆరో బాబాయ్.

రాక్‌జా రేవులో, ద్వీపానికి పడవలు బయలుదేరే చోట, తాటాకు పాక కింద ఐసు కాఫీ తాగుతున్నారు ఇద్దరూ. ఆరో బాబాయ్ కర్నల్. అసలు పేరు వాళ్లావిడకైనా తెలుసో లేదో. మా దేశంలో దక్షిణాది ఇళ్లలో పిల్లల్ని వరసతోనే పిలుస్తారు. అందులోనూ పెద్దకొడుకును రెండోవాడంటారు. మొదటివాడని పిలిస్తే దయ్యాలు విని ఎత్తుకుపోతాయని భయం.

ఎదురుగా కూర్చున్న లువాన్ అలాంటి రెండోవాడే. పూలపూల చొక్కా, గడ్డి టోపీ, మెడలో కెమెరా, చేతిలో సెల్ఫీ కర్ర. హనోయ్ నుంచి వచ్చిన బీమా ఉద్యోగి వేషం. మొహంలో మాత్రం ఏమీ లేదు, కడిగి బోర్లించిన కంచంలా ఉంది.

"ఆ చెవుల మ్యాపు మొత్తం ఒక చిప్‌లో ఎక్కించారు" అన్నాడు కర్నల్. "ఆ చిప్‌ని ముత్యానికి బెజ్జం చేసి లోపల పెట్టారు. ముత్యం ఇంకా ద్వీపం దాటలేదు. సరిహద్దు గీత అవతల ఒక ఓడ కాచుకుని ఉంది. అక్కడికి చేరితే మన సముద్రానికి చెవుడొచ్చినట్టే."

"ద్వీపంలో మన మనిషి?"

"దియెమ్. ముత్యాల షోరూమ్ నడుపుతుంది. మనకూ పని చేస్తుంది, వాళ్లకూ చేస్తుంది. నిజం ఎవరితో చెబుతుందో నాకే తెలీదు. వాళ్ల తరఫున వచ్చినవాడు కోల్టర్, ఫోటోగ్రాఫర్నని చెప్పుకుంటాడు. కేబుల్ కారులో బాక్ వెనక నిలబడింది వాడే."

"పడవ?"

కర్నల్ గ్లాసులో ఐసు తిప్పాడు. చాలాసేపు తిప్పాడు.

"హామ్‌నిన్ ఊరి పడవ. నడిపేది మీ తమ్ముడు థాన్."

లువాన్ కాఫీ గుటక వేశాడు. "వాడికి తెలుసా?"

"తెలీదనే అనుకుంటున్నా. ఎవరో టూరిస్టులు సముద్రం చూస్తామంటే తీసుకెళ్తున్నా అనుకుంటున్నాడు. కానీ తుపాకికి ఆ తేడా తెలీదురా అబ్బాయ్. పడవ గీత దగ్గరికొస్తే పేల్చెయ్యమని గస్తీకి ఆర్డరు వెళ్లిపోయింది. అందుకే పడవెక్కకముందే ముత్యం నీ చేతిలో ఉండాలి."

"నన్నే ఎందుకు పంపుతున్నారు?"

"ఆ నీళ్లు నీకు తెలుసు. పైగా..." కర్నల్ అతని మొహంలోకి చూసి చూపు తిప్పుకున్నాడు. "ఈమధ్య నీకేమీ అనిపించడం లేదు. ఈ పనికి అదే మంచిది."

అది నిజమే. పోయిన వానాకాలంలో లువాన్ పరాయి దేశంలో, పరాయి పేరుతో, ఎవరి పెళ్లామో తెలియని మనిషి ఫోటో పర్సులో పెట్టుకుని తిరుగుతుండగా ఇంట్లో తండ్రి పోయాడు. కబురు కోడ్‌లో వచ్చింది, గోదాములో పాత సరుకు పాడైపోయిందని. అది చదివి, ముందున్న గిన్నెలో సేమ్యా చివరి పోగు దాకా తిని, చేయి కడుక్కుని పనిలోకి పోయాడు. పెద్దకొడుకు కట్టుకోవాల్సిన తెల్ల తలపట్టీ తమ్ముడు కట్టుకున్నాడు. ఆనాటి నుంచీ లువాన్‌కు లోపలంతా తిమ్మిరి. కాలు మడిచి కూర్చుంటే ఎక్కుతుందే, అలాంటిదే, కాకపోతే మనసుకు ఎక్కింది.

"కోడ్ మాట?" అని అడిగాడు.

* * *

టూరిస్టు బస్సులో గైడు అమ్మాయి మైకు పట్టుకుని లువాన్‌కు అతని సొంత ద్వీపం గురించి చెప్పింది. తల్లి పుట్టిల్లు మేనమామ దగ్గర పొగిడినట్టుంది వ్యవహారం. ఇదిగో మిరియాల తోట. ఇదిగో ద్వీపపు కుక్క, వీపు మీద వెంట్రుకలు ఎదురుగా పెరుగుతాయి చూడండి. లువాన్ అందరితో పాటు "అబ్బో!" అన్నాడు. చిన్నప్పుడు అలాంటి కుక్క పిక్క పట్టుకుని పీకిన మచ్చ ప్యాంటు కింద ఇంకా ఉంది.

చేపల రసం ఊరబెట్టే గోదాములోకి తీసుకెళ్లారు. ఇంటి కప్పు ఎత్తున కొయ్య పీపాలు, లోపల ఉప్పూ చిన్నచేపలూ ఊరుతున్నాయి. హనోయ్ ఆడవాళ్లు ముక్కులు మూసుకుని నవ్వుకున్నారు. ఆ వాసన తండ్రి చొక్కాది. తలగడది. ఇంటి గడపది. లువాన్ నిండా పీల్చి కాసేపు ఎదురుచూశాడు. ఏమైనా అనిపిస్తుందేమోనని. ఏమీ అనిపించలేదు. సెల్ఫీ కర్ర చాపి ఫోటో తీసుకున్నాడు. ఆ కర్ర నిజానికి యాంటెన్నా. ఆన్ చేసినప్పుడు బాక్ వాడిన రకం చిప్ దగ్గరలో ఉంటే పిడి గడగడా వణుకుతుంది.

ముత్యాల షోరూమ్‌లో అందరూ అద్దాల బల్లల మీద వాలిపోయారు. లువాన్ వెనకబడ్డాడు.

"ఈ కాలంలో అడవి సిమ్ పళ్లు దొరుకుతాయాండీ?" అని కోడ్ మాట గాలిలోకి వదిలాడు.

"వానకు ముందే అయిపోయాయి సార్. కావాలంటే ఆ పళ్ల సారా ఉంది" అంది ఒక గొంతు.

దియెమ్‌ను చూస్తే ముత్యాలు దేనికి పుట్టాయో తెలుస్తుంది. తెల్లటి పొడుగు గౌను, మెడలో ఒంటిపేట ముత్యాలు, మాటలో సైగాన్ నగరపు నాజూకు. నాన్న నగల వ్యాపారి అని అందరికీ చెప్పుకుంటుంది. లువాన్‌ను చూసి కస్టమరును చూసి నవ్వినట్టే నవ్వింది.

"భోజనం చేశారా? ఎండలో తిరిగి మాడిపోయారు. రండి."

షోరూమ్ వెనక సముద్రం వైపున్న వసారాలో భోజనం పెట్టించింది. నిప్పుల మీద కాల్చిన చేపలు, ముక్క కొయ్యకుండా చెరొక పళ్లెంలో ఒక్కోటి ఉన్నాయి. మాట్లాడుతూ తిన్నారు. ముత్యాల రంగుల గురించి, టూరిస్టుల బేరాల గురించి, వర్షాల గురించి. పై భాగం అయిపోయింది. లువాన్ చేప వెన్నుముల్లును తోక దగ్గర పట్టి లాగి పక్కన పెట్టి, కింది భాగం తినబోయాడు.

దియెమ్ చేయి గాలిలో ఆగిపోయింది.

"హనోయ్‌లో చేపను తిరగెయ్యరా?" అని అడిగింది మెల్లగా.

లువాన్ పళ్లెంలోకి చూశాడు. హనోయ్ మనిషి చేపను బోర్లా తిప్పి రెండో వైపు తింటాడు. సముద్రం మీద చేపల వేటకెళ్లేవాళ్ల ఇళ్లలో తిప్పరు. పళ్లెంలో చేప తిరగబడితే సముద్రంలో పడవ తిరగబడుతుంది. ఎన్ని పేర్లు మార్చుకున్నా, ఎన్ని గొంతులు నేర్చుకున్నా, ఆ చేయి మాత్రం వేటకెళ్లిన కువోయ్ కొడుకు చేయే.

"నీ పళ్లెంలో చేప కూడా తిరగబడలేదు" అన్నాడు.

ఈసారి ఆమె నిజంగా నవ్వింది. నాజూకు జారిపోయింది. "మా నాన్న రొయ్యల వలలు వేసేవాడు అన్నయ్యా. నగల వ్యాపారి అట, నా మొహం! ఇద్దరు దొంగలం భలే దొరికాం ఒకరికొకరం."

చేతిసంచిలోంచి ఒక ముత్యం తీసి, వెన్నుముల్లు పక్కన పెట్టింది.

"ఇదే నువ్వు వెతికేది. తీసుకుపో. కోల్టర్‌కు ఉత్తది ఇచ్చాను. కానీ రేపు నీ గుంపుతో పడవెక్కేదాకా ఆ కర్ర ఆన్ చెయ్యకు. కోల్టర్ దగ్గర సిగ్నల్ పసిగట్టే మిషను ఉంది. నా పీక కోస్తాడు."

"ఎందుకు ఇస్తున్నావు?"

"చేప తిరగెయ్యలేదుగా" అంది.

ఇంకొకరైతే ఆ మాటకు పదిసార్లు ఆలోచించేవాడు. నిరుటి లువాన్ అయితే ముత్యం మీద, ఆ ఆడమనిషి మీద, తన మీద కూడా అనుమానపడేవాడు. ఇప్పుడు అనుమానం రావాల్సిన చోట కూడా తిమ్మిరే వచ్చింది. ముత్యాన్ని జేబులో వేసుకుని, థాంక్స్ చెప్పి, బస్సెక్కాడు.

* * *

మర్నాడు పొద్దున్నే గుంపునంతా పగడపు దిబ్బలు చూపించడానికి పడవెక్కించారు. నారింజరంగు లైఫ్ జాకెట్లలో హనోయ్ కుటుంబాలు కోడిగుడ్లు ఒలుచుకుంటున్నాయి. పడవ నడిపే ముసలాయన్ని అందరూ తొమ్మిదో మామ అంటున్నారు. టూరిస్టులు రాకముందు వేటకెళ్లేవాడు. ఇప్పుడు టూరిస్టుల్ని మోస్తున్నాడు.

"చేపలైతే వాంతులు చేసుకోవు" అన్నాడు లువాన్‌తో, కడవతో నీళ్లు గుమ్మరిస్తూ.

ద్వీపం వెనకబడింది. లువాన్ జేబులోంచి ముత్యం తీసి సెల్ఫీ కర్ర ఆన్ చేశాడు. పిడి వణకలేదు. దగ్గరగా పెట్టాడు. ఆనించాడు. చచ్చిన చేపలా ఉంది కర్ర.

పళ్ల మధ్య పెట్టి కొరికాడు. లోపల గట్టి గాజుపూస.

అప్పుడు పిడి ఒక్కసారిగా వణికింది.

తల ఎత్తాడు. ఎడమవైపు, కేక వేస్తే వినిపించేంత దూరంలో, ఒక ఆకుపచ్చ చేపల పడవ వాళ్లను దాటుకుని వాయవ్యానికి పోతోంది. ముందు భాగం మీద రెండు కళ్లు గీసి ఉన్నాయి. మా పడవలన్నిటికీ కళ్లుంటాయి. కానీ ఎడమకన్ను కుడికన్ను కన్నా పెద్దదిగా ఉన్న పడవ ఒక్కటే. కువోయ్ తన చేత్తో గీశాడు. అదేమంటే, "ఒక కన్ను పెద్దదైతే చేపను ముందు చూస్తుంది" అనేవాడు.

చుక్కాని దగ్గర థాన్. తండ్రి భుజాలే వాడివి. నీడన కెమెరాల సంచీతో కోల్టర్. ముందు భాగంలో తెల్లటి టోపీ, తెల్లటి గౌను, మెడలో ఒంటిపేట. దియెమ్ ఇటువైపే చూస్తోంది. చేయి ఊపింది కూడా, పాత స్నేహితురాలిలా.

లువాన్ ఫోను తీశాడు. "బాబాయ్. ముత్యం దియెమ్ మెడలో ఉంది. పడవ వెళ్లిపోయింది."

"పట్టుకోగలవా?"

"ఇది టూరిస్టుల పడవ. దానిది పెద్ద ఇంజను. ఆగమని గస్తీవాళ్లతో మైకులో చెప్పించండి."

"చెబితే ఏమవుతుంది? కోల్టర్ మీ తమ్ముణ్ణి కాల్చి తనే చుక్కాని పట్టుకుంటాడు. వాడు రేడియో వింటూనే ఉంటాడు, మన భాష వాడికి బాగా వచ్చు." కర్నల్ గొంతు తగ్గింది. "గస్తీ గన్ను మీద గుడ్డ తీసేశారు. గీత దాకా వదిలిపెడతారు. ఆ తర్వాత... నన్ను క్షమించరా లువాన్."

"మీ తప్పేముంది బాబాయ్" అని ఫోను పెట్టేశాడు. ఆ మాట ఎంత మామూలుగా వచ్చిందో విని అతనికే ఆశ్చర్యం వేసింది. తమ్ముడు చనిపోబోతున్నాడు. తెలుసు. వాతావరణం తెలిసినట్టు తెలుసు.

పెద్దకన్ను పడవ చిన్నదైపోతోంది.

కోల్టర్‌కు అర్థంకాని మాట కావాలి. విన్నా ఏ పోలీసు మాటా కాదనుకుని వదిలేసే మాట. థాన్ మాత్రం విని, అడ్డంగా తుపాకి పెట్టినా సరే, వెనక్కి తిప్పే మాట. అన్న పిలిస్తే వాడు తిప్పడు. అన్న చస్తున్నాడన్నా తిప్పడు. మరి ఎవరు పిలిస్తే తిప్పుతాడు?

లువాన్ వెళ్లి తొమ్మిదో మామ తల పైన వేలాడుతున్న వేటపడవల రేడియో మైకు అందుకున్నాడు.

"ఓయ్ ఓయ్, టూరిస్టు బాబూ! అది ఆటబొమ్మ కాదు."

"తాత ఒరిగాడని చెప్పాలి మామా."

ముసలాయన చేతిలోంచి కడవ జారిపడింది.

సముద్రంలో ఉండే ఆ పెద్ద తిమింగలాన్ని మేము చేప అనం. తాత అంటాం. తుఫానులో మునిగే పడవను వీపుమీద మోసి ఒడ్డుకు చేరుస్తాడు. ఆయన చనిపోయాడని కూడా అనం, ఒరిగాడంటాం. ఒరిగిన తాతను ముందుగా చూసినవాడు ఆయనకు పెద్దకొడుకవుతాడు. తెల్ల తలపట్టీ కట్టుకుని, కన్నతండ్రికి చేసినట్టే కర్మ చేసి, అన్నాళ్లూ మైల పడతాడు. ఆ కబురు చెవిన పడితే చాలు, చుట్టుపక్కల పడవలన్నీ వలలు కోసుకునైనా రావాల్సిందే.

"ఏడీ తాత?" ముసలాయన నలువైపులా చూశాడు. "ఎక్కడ? నాకు కనపడ్డం లేదే!"

"లేడు."

"నోరు ముయ్యరా! ఆ మాట అబద్ధం చెబితే ఏడు తరాలు చేప పడదు. నేను తాత దేవళం పెద్దల్లో ఒకణ్ణి. నా పడవ మీదా..." మైకు లాక్కోబోయి ఆగాడు. చాలాసేపు మొహంలోకి చూశాడు. "నువ్వు హనోయ్‌వాడివి కాదు."

"కాదు. ఆ పోయే పడవను ఆపకపోతే గీత దగ్గర పేల్చేస్తారు మామా. అందులో మా తమ్ముడున్నాడు."

తొమ్మిదో మామ ఆ ఆకుపచ్చ పడవను చూశాడు. కళ్లు గుర్తుపట్టాడు. మైకు వదిలేశాడు.

"ఆ పాపం నా చెవిన పడనీకు" అని రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

లువాన్ బటన్ నొక్కాడు. ఏళ్ల తరబడి వాడని ద్వీపపు యాసలో అన్నాడు. "తాత ఒరిగాడో! పగడపు దిబ్బల దగ్గర, తాత ఒరిగాడు!"

రేడియోలో వాగుతున్న గొంతులన్నీ ఆగిపోయాయి. తర్వాత ఎవరో ముసలి గొంతు, జాగ్రత్తగా అడిగింది.

"చూసిందెవరు నాయనా? ఎవరి కొడుకువి?"

అది అడుగుతారని అతనికి తెలుసు. పేరు చెప్పకుండా ఆ చావుకబురు చెల్లదు. పెద్దకొడుకెవరో తెలియని చావు ఎక్కడైనా ఉంటుందా? ఎన్నో ఏళ్లుగా ఎన్నో పేర్లు చెప్పాడు లువాన్, అద్దంలోనైనా నిజం పేరు పలికి చాలా కాలమైంది. ఈ రేడియో కోల్టర్ వింటాడు, గీత అవతల ఓడ వింటుంది. పలికితే ఇక గూఢచారి ఉద్యోగం ఉండదు.

"హామ్‌నిన్ నాలుగో కువోయ్ పెద్దకొడుకుని" అన్నాడు. "రెండో లువాన్‌ని. నేనే చూశాను."

దూరంగా ఒక పడవ మీద తెల్లగుడ్డ లేచింది. ఇంకొకటి. హనోయ్ వాళ్లు కోడిగుడ్లు నోట్లో పెట్టుకుని కెమెరాలు ఎత్తారు, పండగేదో మొదలైందనుకుని.

పెద్దకన్ను పడవ మాత్రం పోతూనే ఉంది. దాని అవతల గస్తీ పడవ బూడిదరంగులో కనపడుతోంది. లువాన్ కెమెరా లెన్సు లాగి కంటికి పెట్టుకున్నాడు. థాన్ చుక్కాని మీద రెండు చేతులూ పెట్టి రాయిలా నిలబడ్డాడు. కోల్టర్ వాడి వీపుకు ఏదో ఆనించి అరుస్తున్నాడు. గస్తీ గన్ను మెల్లగా తిరిగింది.

దియెమ్ టోపీ తీసింది. వంగి ఐసుపెట్టె మూత ఎత్తింది. ఆ మూత కోల్టర్ చెవి మీద పడింది. చప్పుడు ఇంత దూరం వినపడలేదు.

పడవ చుట్టూ నీళ్లు తెల్లగా లేచాయి. ఎడమకన్ను ఇటు తిరిగింది. తర్వాత కుడికన్ను.

* * *

పగడపు దిబ్బల దగ్గర పడవలు గుంపుగా చేరి ఇంజన్లు ఆపాయి. అందరూ నీళ్లలోకి చూస్తున్నారు. థాన్ పడవ వచ్చి ఆనుకుంది. కోల్టర్‌ను ముక్కుతాడు వేసినట్టు లంగరు మోకుతో కట్టేశారు. థాన్ తలకు అప్పుడే చింపిన తెల్లగుడ్డ ఉంది. అన్నను చూసి మొహం గట్టిచేసుకున్నాడు.

"నీ కోసం రాలేదు. తాత కోసం వచ్చాను. ఏడీ?"

అబద్ధమని చెప్పాలి. చెప్పడం తేలికే, ఉద్యోగమంతా అదే కదా. నోరు తెరిచాడు.

"నాన్న..." అన్నాడు. "నాన్న పోయాడురా థాన్."

థాన్ కళ్లెర్రజేశాడు. "పోయి ఏడాది కావస్తోంది. మతిపోయిందా నీకు?"

"నాకు ఇప్పుడే తెలిసింది."

తిమ్మిరి వదిలేటప్పుడే అసలు నొప్పి. ముందు వేళ్లలో మొదలైంది, సూదులు గుచ్చినట్టు. తర్వాత ఛాతీలోకి ఎక్కింది. చేపల రసం వాసన, చొక్కా, తలగడ, గడప, ఆ పెద్దకన్ను గీస్తున్నప్పుడు తండ్రి నాలుక బయటపెట్టి ఒకవైపు కొరుక్కునే తీరు, అన్నీ ఒక్కసారి వచ్చి పడ్డాయి. పూలచొక్కా వేసుకున్న మనిషి పడవ అంచు పట్టుకుని పసిపిల్లాడిలా బిగ్గరగా ఏడ్చాడు. అంతమంది ముందు, హనోయ్ కెమెరాల ముందు, ఏమాత్రం సిగ్గులేకుండా ఏడ్చాడు. థాన్ కాసేపు చూశాడు. తిట్టబోయాడు. తిట్టలేక పడవ మార్చి వచ్చి పక్కన కూలబడి, అన్న మెడ చుట్టూ చేయి వేశాడు.

"అప్పుడు ఏడవాల్సింది కదరా దరిద్రుడా" అన్నాడు, తనూ ఏడుస్తూ.

ఆ తర్వాత కాసేపటికి నీళ్లలో ఏమీ లేదని అందరికీ అర్థమైంది. గొణుగుడు మొదలైంది. వలలు కోసుకుని వచ్చినవాళ్లు ఊరుకుంటారా? ఒకడు తెడ్డు కూడా ఎత్తాడు. తొమ్మిదో మామ లేచి నిలబడ్డాడు. చెవులు మూసుకున్నాడు కాబట్టి తనేమీ వినలేదనీ, అయినా దేవళం పెద్దగా తీర్పు చెప్పక తప్పదనీ అన్నాడు.

"తాత ఒరిగాడని ఎవడు పిలిచాడో వాడే పెద్దకొడుకు. ఆచారంలో తాత ఉండాలని ఎక్కడుంది? పిలిచాడు, పేరు చెప్పుకున్నాడు, ఏడ్చాడు. వీడిలా ఏడ్చిన కొడుకుని నేను ఈమధ్య చూళ్లేదు. కట్టండి తలపట్టీ. కర్మంతా చేసి, మైల తీరేదాకా ఊళ్లోనే ఉండాలి. ఒక్కరోజు తగ్గినా చేప పడదు."

థాన్ తన తలపట్టీ విప్పి అన్న తలకు కట్టాడు. గట్టిగా కట్టాడు, నొప్పెట్టేలా.

దియెమ్ పడవ మారి వచ్చింది. గస్తీవాళ్లు సంకెళ్లతో వెనకే ఉన్నారు. మెడలోని ఒంటిపేట తెంపి, మధ్య ముత్యం ఏరి లువాన్ అరచేతిలో పెట్టింది. పక్కన పడేసిన సెల్ఫీ కర్ర కీచురాయిలా వణికింది.

"ఒక్క మాట చెప్పు అన్నయ్యా" అంది. "తాత నిజంగా ఒరగలేదా?"

"లేదు."

"మరి నేను వాణ్ణి ఎందుకు కొట్టినట్టు?" కొంచెం ఆలోచించింది. "మా నాన్నే పైనుంచి కొట్టించి ఉంటాడు. ముసలాయనకు నా ఉద్యోగం మొదటినుంచీ ఇష్టం లేదు."

సంకెళ్ల కోసం చేతులు చాపింది, గాజులు తొడిగించుకునేటప్పుడు చాపినట్టు.

* * *

మధ్యాహ్నం హామ్‌నిన్‌లో, తండ్రి ఫోటో ముందు అగరుబత్తి పొగలో కూర్చుని ఉండగా కర్నల్ ఫోను చేశాడు. మరదలు చేప వండి ముందు పెట్టింది. ఒకవైపు తినడం అయింది. లువాన్ వెన్నుముల్లు లాగి పక్కన పెట్టాడు.

"ముత్యం చేరింది" అన్నాడు కర్నల్. "కోల్టర్ నోరు విప్పాడు. అంతా బాగుంది. నువ్వెప్పుడొస్తున్నావ్?"

"సెలవు కావాలి బాబాయ్. మైలలో ఉన్నాను."

"ఎవరు పోయారు?"

"తాత."

"ఏ తాత?" అని, కర్నల్ కూడా దక్షిణాదివాడే కాబట్టి, గబుక్కున గొంతు మార్చాడు. "అయ్యో! ఎంత ఉంటాడు? పెద్దవాడా?"

"లేని తాత బాబాయ్. పెద్దకొడుకుని మాత్రం నేనే."

అవతల కాఫీ గ్లాసులో ఐసు తిరుగుతున్న చప్పుడు వినపడింది.

"ఉండు. మైల తీరేదాకా ఉండు" అన్నాడు చివరికి. "ఎలాగూ అందరూ వింటుండగా రేడియోలో పేరు చెప్పేశావ్. ఇక గూఢచారిగా పనికిరావు నువ్వు."

"టూరిస్టుగానూ పనికిరాలేదు బాబాయ్" అన్నాడు లువాన్, చేప రెండోవైపు మొదలుపెడుతూ.